నగరం నడిబొడ్డున సర్వీస్డ్ అపార్ట్‌మెంట్: పెద్దవాళ్లతో కొన్ని వారాలు

పెద్ద నగరంలో వారాల తరబడి ఉండవలసి వచ్చినప్పుడు, అందులోనూ వయసు పైబడిన తల్లిదండ్రులు వెంట ఉన్నప్పుడు, హోటల్ గది కంటే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్, అంటే శుభ్రం చేసే ఏర్పాటుతో సహా అద్దెకిచ్చే సామాన్లున్న ఇల్లు, మేలని నా అభిప్రాయం. అయితే అది నగరం మధ్యలో ఉన్నదైతే, విస్తీర్ణం ఎంత, ఏ అంతస్తు అని అడిగే ముందు పడకగది కిటికీ ఏ వైపు తెరుచుకుంటుందో తెలుసుకోవాలి. ఆఫీసు పని మీద నేను, వైద్య పరీక్షల కోసం నాన్నగారు, మా ఇద్దరినీ చూసుకోవడానికి అమ్మ, ముగ్గురం కలిసి ఇలాంటి ఒక అపార్ట్‌మెంట్‌లో కొన్ని వారాలు ఉన్నాం. రెండు పడకగదులు, ఒక హాలు, హాలుకు ఆనుకుని ఓ పక్కగా వంటగది, ఒకే స్నానాల గది ఉన్న ఇల్లు అది. వారానికి రెండుసార్లు ఊడ్చి తుడుస్తారు, వారానికోసారి దుప్పట్లు మారుస్తారు, కింద రిసెప్షన్‌లో రాత్రి పొద్దుపోయే వరకు మనిషి ఉంటారు. రోజూ గది సర్దడం, పిలిస్తే భోజనం పైకి తెచ్చివ్వడం వంటివి ఉండవు. అవి కావాలనుకునేవారికి హోటలే తగినది.

నడిబొడ్డున ఉండటం వల్ల కలిగే లాభమంటే చాలామంది చూడదగ్గ ప్రదేశాలు దగ్గరగా ఉండటమనే అనుకుంటారు. మాకు దక్కిన అసలు లాభం మధ్యాహ్నం ఇంటికి తిరిగి రాగలగడం. నగరం అంచున బస చేసినవారు పొద్దున్నే బయలుదేరితే మళ్లీ రాత్రికే చేరతారు, మధ్యలో అలసట వచ్చినా మందు వేసుకునే వేళయినా ఏ బెంచీ మీదో కూర్చోవలసిందే. మేము ఉదయం ఆసుపత్రి పని చూసుకుని, పన్నెండున్నరకల్లా ఇల్లు చేరి, నాన్నగారు భోజనం చేసి ఒక గంట నడుము వాల్చాక, సాయంత్రం మళ్లీ ముగ్గురం బయటికి వెళ్లగలిగేవాళ్లం. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు ఆ గంట నిద్రే రోజును నిలబెడుతుంది. మధ్యలో ఉన్న ఇంటికి ఎక్కువ అద్దె ఎందుకు కట్టాలని ఎవరైనా అడిగితే, నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

మెట్రో స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక అని ప్రకటనల్లో రాసే మాటను మాత్రం కొంచెం విడదీసి చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడుస్తాడనుకుంటే, అయిదు నిమిషాలంటే దాదాపు 400 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే దూరం పది నిమిషాలు పట్టవచ్చు, పైగా ఆ లెక్కలో రోడ్డు దాటడానికి సిగ్నల్ దగ్గర ఆగే సమయం ఉండదు. ఇంకో విషయం, ఆ దూరం సాధారణంగా అన్నిటికంటే దగ్గరి ద్వారం వరకే కొలుస్తారు. లిఫ్ట్ ఉన్న ద్వారం స్టేషన్‌కు అవతలి వైపు ఉండవచ్చు, లోతైన స్టేషన్లలో ద్వారం నుంచి ప్లాట్‌ఫాం చేరడానికే మరికొన్ని నిమిషాలు పడతాయి. మా విషయంలో దగ్గరి ద్వారానికి మెట్లు తప్ప మరేమీ లేవు, లిఫ్ట్ ఉన్న ద్వారానికి చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చేది. బుక్ చేసే ముందు లిఫ్ట్ ఎక్కడుందో మ్యాప్‌లో చూసి, అక్కడి నుంచి ఇంటి గుమ్మం వరకు దూరం కొలుచుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక చప్పుడు సంగతి. మాకు మొదట ఇచ్చిన ఇల్లు పెద్ద రోడ్డు వైపుది. పగలు కిటికీ దగ్గర నిలబడి చూస్తే ఎంతో ముచ్చటగా ఉండేది. రాత్రి పదకొండు తర్వాత తెలిసింది, నగరం మధ్యలో రాత్రి అనేది ఒకే తీరుగా ఉండదని. అర్ధరాత్రి దాటాక రెస్టారెంట్లు మూసేవేళ జనం గుంపులుగా మాట్లాడుకుంటూ వెళ్తారు. ఆ సందడి సద్దుమణిగేసరికి రోడ్లు ఊడ్చే యంత్రాలు వస్తాయి. తెల్లవారుజామున చెత్త లారీ వచ్చి ఖాళీ సీసాల డబ్బాను ఎత్తి గుమ్మరిస్తుంది. ఆ వెనకే దుకాణాలకు సరుకు తెచ్చే వాహనాలు రివర్సులో వస్తూ కూత పెడతాయి. నిరంతరాయంగా వచ్చే హోరుకు చెవి కొంత అలవాటు పడుతుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచే ఇలాంటి శబ్దాలకు మాత్రం మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఈ రెండింటినీ వేరువేరుగానే లెక్కించాయి. పడకగదిలో నిరంతర శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని, విడివిడిగా వచ్చే శబ్దాలు 45 డెసిబెల్స్ మించకూడదని వాటిలో ఉంది. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుందని గుర్తుంచుకుంటే, 45కూ 55కూ తేడా ఎంతటిదో అర్థమవుతుంది.

పై అంతస్తు అడిగితే చప్పుడు తగ్గుతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. ఎదురుగా ఖాళీ స్థలం ఉన్నచోట అది కొంతవరకు నిజం. కానీ రెండు వైపులా ఎత్తైన భవనాలున్న వీధిలో శబ్దం గోడ నుంచి గోడకు తగిలి పైకి పాకుతుంది కాబట్టి నాలుగో అంతస్తుకూ ఎనిమిదో అంతస్తుకూ అనుకున్నంత తేడా ఉండదు. వాహనాలు బారులు తీరి సాగే రోడ్డు నుంచి దూరం రెట్టింపయినా శబ్దం సుమారు మూడు డెసిబెల్సే తగ్గుతుంది. అదే భవనంలో రెండో అంతస్తులోనైనా సరే, లోపలి ఆవరణ వైపు తెరుచుకునే గది దొరికితే భవనం మొత్తం మనకూ రోడ్డుకూ మధ్య అడ్డుగోడలా నిలుస్తుంది. మేము రెండు రాత్రులు చూసి, రిసెప్షన్‌లో అడిగి, వెనుక వైపు ఇంటికి మారాం. అక్కడ కిటికీలోంచి కనిపించేవి ఎదుటి గోడ, పైపులు, ఎవరివో రెండు పూల కుండీలు. అయినా నాన్నగారు ఆ రాత్రి నుంచి ప్రశాంతంగా పడుకున్నారు. పగటిపూట చూసే దృశ్యం కోసం రాత్రి నిద్రను వదులుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

కిటికీకి రెండు అద్దాలున్నాయని చెబితే దానితో తృప్తి పడకూడదు. రెండు అద్దాల మధ్య పది, పదిహేను మిల్లీమీటర్ల సందు ఉండే మామూలు కిటికీ ప్రధానంగా వేడిని, చలిని ఆపడానికి ఉద్దేశించింది. బస్సు ఇంజిన్ గుర్రుమనే మంద్రమైన శబ్దాన్ని అది అంతగా ఆపలేదు. దానికి మందమైన లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొరతో అతికించినది) కావాలి, లేదా ఉన్న కిటికీకి లోపలి వైపు 100 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఎడంగా ఇంకో కిటికీ ఉండాలి. ఎంత మంచి అద్దమైనా కిటికీ తలుపు అంచున రబ్బరు పట్టీ ఊడితే ప్రయోజనం చాలావరకు పోతుంది. వెనుక వైపు గదిలో కూడా ఒక కిటికీ మూల నుంచి సన్నగా గాలి ఈల వేసేది. వేలితో తడిమి చూస్తే పట్టీ జానెడు మేర గట్టిపడి, గాడిలోంచి బయటికి వేలాడుతోంది. ఉదయం చెప్పాను, మధ్యాహ్నానికి మనిషి వచ్చి పాత పట్టీ లాగేసి కొత్తది బిగించి వెళ్లాడు. తర్వాత ఆ ఈల వినిపించలేదు. సర్వీస్డ్ అన్న మాటకు ఇలాంటి చోటే విలువ. మామూలు అద్దె ఇంట్లో ఈ పని జరగాలంటే యజమానికి ఎన్నిసార్లు ఫోన్ చేయవలసి వచ్చేదో.

మాకు ఎంతో మేలు చేసిన వస్తువు ఫ్రిజ్. మాట చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు ఉన్నప్పుడు ఇది చాలా పెద్ద విషయం. వాడటం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి, గడ్డకడితే అది పనికిరాదు. హోటల్ గదుల్లో చప్పుడు రాకూడదని పెట్టే చిన్న ఫ్రిజ్‌లలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు. అవి ఎంత చల్లబరుస్తాయన్నది గది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది కాబట్టి, వేడిగా ఉన్న రోజున లోపల 8 డిగ్రీలు దాటిపోయే అవకాశం ఉంది. పైగా గదిలోంచి బయటికి వెళ్తూ తాళపు కార్డు తీస్తే కొన్నిచోట్ల ఫ్రిజ్‌కూ కరెంటు ఆగిపోతుంది. ఈ అపార్ట్‌మెంట్‌లో ఉన్నది కంప్రెసర్ ఉన్న మామూలు ఇంటి ఫ్రిజ్, దాని ప్లగ్ కార్డుతో సంబంధం లేకుండా విడిగా ఉంది. నేను వెంట తెచ్చుకున్న చిన్న థర్మామీటర్‌ను మధ్య అరలో ఉంచి మరునాడు చూస్తే 5 డిగ్రీలు చూపించింది. వెనుక గోడకు ఆనించి పెడితే మందు గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి డబ్బాను ముందు వైపే ఉంచాం. తలుపు అరలోనూ పెట్టలేదు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి గాలి తగులుతుంది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్‌ను చాలా రకాల విషయంలో గది ఉష్ణోగ్రతలోనే సుమారు నాలుగు వారాల వరకు ఉంచవచ్చు, అయినా ఆ గడువు మందును బట్టి మారుతుంది గనుక పెట్టెలోని కాగితం చదవాలి.

వంటగదిలో ఉన్నది ఇండక్షన్ స్టవ్. దానిమీద పాత్ర అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే వేడెక్కుతుంది, అల్యూమినియం, రాగి పాత్రలు పనిచేయవు. ఇంటి నుంచి అలవాటైన గిన్నె ఒకటి తెచ్చుకోవాలనుకునేవారు బయలుదేరే ముందే దాని అడుగుకు ఒక అయస్కాంతం ఆనించి చూసుకోవడం మంచిది. పేస్‌మేకర్ ఉన్నవారు వెలుగుతున్న ఇండక్షన్ స్టవ్‌కు కనీసం 60 సెంటీమీటర్ల ఎడం పాటించాలని గుండె జబ్బులపై పనిచేసే సంస్థలు చెబుతాయి, కాబట్టి అలాంటివారు ఇంట్లో ఉంటే ఏ రకం స్టవ్ ఉందో ముందే అడగాలి. అపార్ట్‌మెంట్‌వాళ్లు ఇచ్చిన పాత్రలు శుభ్రంగానే ఉన్నాయి గానీ, ముగ్గురికి వంట చేయడానికి సరిపడే పెద్ద గిన్నె ఒక్కటీ లేదు. కత్తి మొండిది. అడిగితే వేరే గిన్నె తెచ్చి ఇచ్చారు, కత్తి మాత్రం చివరి వరకు అలాగే ఉంది. ప్రకటనలో పూర్తి సదుపాయాలున్న వంటగది అని రాసినప్పుడు, అక్కడ నిజంగా వంట చేసేవారికి ఏం కావాలో ఒకసారి ఆలోచించి ఉంటే బాగుండేది.

స్టవ్ పైన చిమ్నీ ఉంది. దానికి బయటికి పోయే గొట్టం లేదు, లాగిన గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా పంపి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఫిల్టర్ కొత్తదైతే వాసన కొంత తగ్గుతుంది, ఆవిరి మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. నగరాల్లోని ఎత్తైన భవనాల్లో ఇలాంటి ఏర్పాటు మామూలే. వంట చేస్తున్నంతసేపూ కిటికీ కాస్త తీసి, పడకగది తలుపులు మూసి ఉంచడం ఒక్కటే మాకు కనిపించిన ఉపాయం. కిటికీలు అసలు తెరుచుకోని భవనాలు కూడా ఉన్నాయి. ఇంట్లో వండుకోవాలనుకునేవారు ఇది తప్పక అడిగి తెలుసుకోవాలి.

బట్టలు ఉతకడానికీ ఆరబెట్టడానికీ ఒకే యంత్రం ఇచ్చారు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాల్కనీ లేని ఇళ్లలో దాదాపు అంతటా ఇదే ఉంటుంది, వాడటం తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. ఇందులో ఉతకగలిగినంత బరువు ఆరబెట్టడానికి కుదరదు. ఎనిమిది కిలోలు ఉతికే యంత్రం అయిదు కిలోలే ఆరబెట్టగలదు. డ్రమ్ము నిండా వేసి ఉతికి, అలాగే ఆరబెట్టడం మొదలుపెడితే గంటల తర్వాత కూడా బట్టలు ముడతలు పడి చెమ్మగానే బయటికి వస్తాయి. ఉతకడం అయ్యాక సగం బట్టలు తీసి, మిగిలిన సగాన్ని ఆరబెట్టి, తర్వాత మొదటి సగాన్ని వేయాలి. అలా చేసినా ఒక విడత పూర్తి కావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. వీటిలో చాలా యంత్రాలు ఆవిరిని చల్లార్చడానికి చల్లని నీటిని వాడతాయి కాబట్టి, ఆరబెట్టేటప్పుడు కూడా నీటి శబ్దం వినిపిస్తే యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. మడత పెట్టే దండెం ఒకటి అలమరలో ఉంది. నూలు బట్టలు యంత్రంలో ఆరబెట్టడం అమ్మకు ఇష్టం లేదు, ఆమె చీరలన్నీ ఆ దండెం మీదే ఆరాయి.

స్నానాల గది ఒక్కటే ఈ ఇంట్లో నాకు నచ్చని చోటు. షవర్ కింద తొట్టి ఉంది, దాని అంచు మోకాలు దాటి ఎత్తు. తడి కాలుతో ఆ అంచు దాటి బయటికి రావడం డెబ్బై దాటినవారికి ప్రమాదకరం. పట్టుకోవడానికి గోడకు కడ్డీ లేదు. అడిగిన తర్వాత జారని రబ్బరు చాప, ప్లాస్టిక్ స్టూలు తెచ్చిచ్చారు, వాటితో పని గడిచింది గానీ నాన్నగారు స్నానానికి వెళ్లినప్పుడల్లా నేను తలుపు బయటే నిలబడేవాణ్ణి. అదే భవనంలో తొట్టి లేకుండా నేల మట్టానికే షవర్ ఉన్న ఇళ్లు కొన్ని ఉన్నాయని తర్వాత తెలిసింది. ఫొటోల్లో స్నానాల గది నేల కనిపించకపోతే, ఆ ఫొటో పంపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వేడినీళ్లు ముగ్గురికీ సరిపోయాయి. కొన్నాళ్లు ఖాళీగా ఉన్న ఇంట్లో దిగినప్పుడు మొదటిరోజు కుళాయిలన్నీ, షవర్‌తో సహా, కొన్ని నిమిషాలు వదిలేయడం మంచి అలవాటు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, నీటి తుంపర్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పెద్దవాళ్లకు న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే షవర్ వదిలేటప్పుడు ఆ గదిలో నిలబడకూడదు.

శుభ్రం చేయడానికి వచ్చిన ఇద్దరి పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. మంచం కింద, ఫ్రిజ్ వెనుక కూడా తుడిచారు. నాన్నగారు పడుకునే వేళ తెలుసుకుని, మరుసటిసారి నుంచి ఆయన గదిని ముందుగా ముగించి వెళ్లేవారు. వైఫై బాగానే ఉంది. ఇంటికి విడిగా రౌటర్ ఉండటం వల్ల వీడియో సమావేశాలు ఆగకుండా సాగాయి. పని చేసుకోవడానికి ఇచ్చిన బల్ల చిన్నది, కుర్చీ భోజనాల బల్లది, రోజంతా కూర్చుంటే నడుము పట్టేస్తుంది.

డబ్బు విషయంలో అడగవలసినవి కొన్నే. కరెంటు, నీళ్లు అద్దెలోనే కలిసి ఉన్నాయా, వాడకానికి పరిమితి ఉందా? అదనంగా దుప్పట్లు మార్చమంటే విడిగా వసూలు చేస్తారా? ముందే ఖాళీ చేస్తే మిగిలిన రోజుల సంగతేమిటి? నెల దాటి ఉండేవారికి చాలాచోట్ల రోజువారీ ధర తగ్గుతుంది, కొన్ని దేశాల్లో పన్ను కూడా తగ్గుతుంది. అందువల్ల మూడున్నర వారాలకు బుక్ చేసేవారు నెల ధర కూడా అడిగి, రెంటినీ పోల్చి చూసుకోవాలి. మా విషయంలో అద్దెలో అన్నీ కలిసే ఉన్నాయి, మొదట రాసిచ్చిన దానికంటే చివర్లో పైసా ఎక్కువ అడగలేదు. డిపాజిట్ కోసం కార్డు మీద కొంత మొత్తాన్ని నిలిపి ఉంచారు. ఇది ఖర్చు కాకపోయినా ఆ మేరకు కార్డు పరిమితి తగ్గిపోతుంది, ఖాళీ చేశాక కూడా బ్యాంకును బట్టి అది విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఆసుపత్రి ఖర్చులు అదే కార్డు మీద పెట్టాలనుకునేవారు ఈ సంగతి ముందే చూసుకుని, డిపాజిట్‌కు వేరే కార్డు ఇవ్వడం మేలు.

ఖాళీ చేసే వేళ ఉదయం పదకొండు, మా ప్రయాణం రాత్రి. సామాను సాయంత్రం వరకు కింద గదిలో ఉంచుకోనిచ్చారు. నాన్నగారు కూర్చోవడానికి ఎక్కడైనా చోటు దొరుకుతుందా అని అడిగితే, ఆ రోజుకు ఎవరూ దిగని ఒక చిన్న ఇంటి తాళం ఇచ్చి, నాలుగు గంటల వరకు వాడుకోమన్నారు. దానికి డబ్బు తీసుకోలేదు. మందుల డబ్బాను అక్కడి ఫ్రిజ్‌లోకి మార్చి, బయలుదేరే ముందు తీసుకున్నాం. మళ్లీ ఆ నగరానికి వెళ్లవలసి వస్తే ఆ భవనంలోనే దిగుతాను. వెనుక వైపు ఇల్లు, తొట్టి లేని స్నానాల గది కావాలని ముందే రాతపూర్వకంగా అడిగి, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే డబ్బు కడతాను.